ఆగిందా, ఆపినావా

పగ్గం పట్టుకుంటే వెంకటముని ఎంత గట్టివాడో, నోరు తెరిస్తే అంత వదులు మనిషి. ఐరాల చుట్టుపక్కల ఊళ్ళలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు, ఒక్క వెంకటమునికి తప్ప. పందెం గెలిచిన రోజున ఆ నోరు మరీ అదుపు తప్పేది. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి ఎండాకాలం, ఎండిన చెరువు నేలలో చిత్తూరు గోవిందస్వామిని రేక్లా పందెంలో ఓడించిన సాయంత్రం కూడా అదే జరిగింది.

రేక్లా అంటే పేరుకే బండి. రెండు చక్రాలు, ఒక నొగ, తోలేవాడు కాళ్ళు ఆనించుకోవడానికి ఒక పలక, అంతే. అరవదేశం నుంచి సరిహద్దు దాటి మనవైపు వచ్చిన సరదా అది. బరువులేని ఆ బండికి వయసులో ఉన్న ఎద్దులను కట్టి అదిలిస్తే కళ్ళు మూసి తెరిచేలోపు కనుమరుగైపోతాయి. చెరువు నేలలో పందెమంటే గుండ్రంగా తిరగాలి. తిరిగేకొద్దీ కింద నేల మారిపోతూ ఉంటుంది. మొదటి చుట్టులో గట్టిగా ఉన్నచోట తరవాతి చుట్టుకు గాడి పడుతుంది, ఆ తరవాత అంతా దుమ్మే. ముందుపోయే బండి రేపిన దుమ్ములో వెనకవాడికి తన ఎద్దుల కొమ్ములే కనపడవు.

మలుపు దగ్గర అందరూ పగ్గాలు బిగబడతారు. వెంకటముని అక్కడే వదిలేస్తాడు. లోపలివైపు ఉండే దాపటెద్దును, అంటే ఎడమపక్క ఎద్దును, ఆపీ ఆపనట్టు ఆపి, కుడిపక్క ఎద్దును ఒక్కసారిగా అదిలిస్తాడు. బండి వెనకభాగం బయటికి కొట్టుకుపోతుంది. చక్రాలు దొర్లడం మానేసి దుమ్ములో పక్కకు జారతాయి. చూసేవాళ్ళు బండి పల్టీ కొట్టిందనే అనుకుంటారు. అంతలో ఎద్దుల ముఖాలు మలుపు దాటి అవతలి దారికి తిరిగి ఉంటాయి. ఆ జారుడు చూడటానికే పలమనేరు నుంచి కూడా జనం వచ్చేవారు. గోవిందస్వామి ఆరోజు మూడు మలుపుల్లో ఆ జారుడు దుమ్మే తిన్నాడు.

గోవిందస్వామికి చిత్తూరులో బెల్లం మండీ ఉంది. మనిషి నిదానం. ఓడినందుకు ముఖం ముడుచుకునే రకం కాదు గానీ, ఎదుటివాడు మీసం మెలేస్తూ తన చుట్టూ తిరుగుతుంటే ఎవరికి మాత్రం ఒళ్ళు మండదు?

"మంటిలో బాగానే తోలినావబ్బా," అన్నాడు తలపాగా దులుపుకుంటూ. "నీ ఎద్దులు మంటికి పుట్టినవి. రోడ్డెక్కితే తెలుస్తాది."

"రోడ్డేంది, రాయేంది. యాడైనా సరే తోల్తాను," అన్నాడు వెంకటముని. "నీ మండీలో తోలమంటావా? బెల్లం మింద తోలమంటావా?"

జనం నవ్వారు. గోవిందస్వామి నవ్వలేదు.

"యాడైనా అన్నావు. మునసబు విన్నాడు. తారు రోడ్డు మింద రా. నేను ఓడితే నా జత రెండూ నీ కొట్టంలో కడతా. నువ్వు ఓడితే నీ దాపటెద్దు ఒక్కటే ఇయ్యి."

రెండెద్దులకు ఒకటి. చుట్టూ ఉన్నవాళ్ళ కళ్ళు వెంకటముని మీదే ఉన్నాయి. మునసబు మునిరామయ్య, వద్దన్నట్టుగా, తల కొంచెం అడ్డంగా ఆడించాడు. వెంకటముని అది చూశాడు, చూసి కూడా "సరే"నన్నాడు. ఇంటికి నడిచి వస్తుంటే సగం దారిలో గుర్తొచ్చింది అతనికి, ఆ ఎద్దు తనది కాదని.

కాగితాల ప్రకారం అతనిదే. కానీ ఆ ఎద్దును పెంచింది అతని పెళ్ళాం తిరుమలమ్మ. పుట్టిన వారానికే తల్లి ఆవు గాళ్ళ జబ్బు వచ్చి చచ్చిపోతే, దూడ కూడా పోతుందని అందరూ వదులుకున్నారు. వెంకటముని కూడా వదులుకున్నాడు. తిరుమలమ్మ వేళ్ళు జావలో ముంచి దాని నోట్లో పెట్టి, వేళ్ళు చీకడం నేర్పి, రాగిజావతో బతికించింది. లేత ఎరుపు కలిసిన పుల్లరంగుది కాబట్టి పుల్లోడన్నది. పెరిగి పెద్దదై కొమ్ములొచ్చాక కూడా అది ఆమె గొంతు వింటే మేత వదిలి వచ్చేది. ఏడాదికి ఒకసారి పుట్టింటికి వెళ్తే, పుల్లోడు బెంగపెట్టుకుంటాడని రెండోరోజే తిరిగొచ్చే మనిషి ఆమె. జతలో రెండోది కర్రోడు, నల్లది, సంతలో కొన్నది. దాన్ని అడిగినా ఇంత బాధ ఉండేది కాదు.

వెంకటముని ఆ రాత్రి పెళ్ళాంతో పందెం గెలిచిన సంగతి చెప్పాడు గానీ కొత్త పందెం సంగతి మింగేశాడు. ఇలాంటివి దాగుతాయా? మర్నాడు బావి దగ్గర ఎవరో అననే అన్నారు. తిరుమలమ్మ బిందె దించి నేరుగా కొట్టంలోకి వచ్చింది.

"పుల్లోడిని పందెం కాసినావంట."

వెంకటముని పలుపు తాడు పేనుతూ తల ఎత్తలేదు.

"ఏమయ్యా, నిన్నే అడుగుతాండేది."

"గెలుస్తాము మే. రెండెద్దులొస్తాయి."

"రెండెద్దులు నేను అడిగినానా?" తిరుమలమ్మ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే అతనికి తేలిగ్గా ఉండేది. "ఆ తారు మింద దానికి ఒక్కనాడన్నా కాలు పెట్టడం తెల్సునా? నీకు తెల్సునా?"

అతనికి తెలియదు. అదే అసలు చిక్కు. చిత్తూరు నుంచి పలమనేరు పోయే పెద్దరోడ్డుకు యుద్ధం రోజుల్లో మిలిటరీ లారీల కోసం తారు పోశారు. దానిమీద మోటారు వాహనాలు పోవాలి గానీ ఎద్దులబండ్లకు పని లేదు. రైతులంతా రోడ్డు పక్క మట్టిబాటలోనే తోలుకుంటారు. గోవిందస్వామి మాత్రం లాడాలు కొట్టించిన ఎద్దులను తెల్లవారుజామున ఆ తారు మీదే పరిగెత్తించేవాడు. వెంకటముని ఎద్దులకు పుట్టి బుద్ధెరిగాక లాడమంటే ఏమిటో తెలియదు. మెత్తటి నేలలో గిట్ట దిగాలి, దిగి పట్టుకోవాలి. అక్కడ ఇనుము అడ్డం.

మర్నాడే లాడాలు కొట్టే మస్తాన్ సాయిబును పిలుచుకొచ్చాడు. కాళ్ళు కట్టి పుల్లోడిని పడేస్తే అది అరిచిన అరుపుకు తిరుమలమ్మ ఇంట్లోకి పోయి తలుపేసుకుంది. మస్తాన్ గిట్ట చెక్కుతూ పెదవి విరిచాడు.

"మంచి గిట్టే. కానీ మెత్తన. ఇన్నాళ్ళూ నేల దానికి చోటిచ్చింది, కాలు పెడితే లోపలికి దిగనిచ్చింది. తారు అట్ల ఇయ్యదబ్బా. దెబ్బంతా గిట్టలోకే వస్తాది, ఆణ్ణించి బుజానికి పోతాది. ఒక నెలన్నా నడిపిచ్చి అలవాటు చెయ్యాల."

"నెల యాడుండాది? వచ్చే వారమే పందెం."

"అట్లయితే నిదానంగా తోలు," అన్నాడు మస్తాన్. పందెంలో నిదానంగా తోలమని చెప్పిన మొదటి మనిషి అతనే అయి ఉంటాడు.

నిదానం మాట వెంకటమునికి తొలిరోజే తలకెక్కింది. తెల్లవారుతూనే రేక్లా కట్టి పెద్దరోడ్డు ఎక్కించాడు. నాలుగడుగులు వేశాయో లేదో, ఎద్దులు రెండూ బెదిరిపోయాయి. తమ కాళ్ళ చప్పుడు తమకే కొత్త. టకటకమని కింద మోగుతుంటే వెనక ఎవరో తరుముతున్నారనుకుని చెవులు వెనక్కి పెట్టి పరుగందుకున్నాయి. చెరువు నేలలో మట్టే బండిని పట్టి ఉంచుతుంది. ఇక్కడ ఇనుప పట్టాల చక్రాలకు అడ్డమే లేదు. బండి ఎద్దుల మీదికి తోసుకుపోతోంది. ఇంత వేగం వెంకటముని జన్మలో చూడలేదు, మొదట సంతోషమే వేసింది. మలుపు తిప్పబోయేటప్పుడు ప్రాణం లేచిపోయింది. అలవాటుకొద్దీ కర్రోడిని అదిలించి వదిలాడు. చక్రం జారలేదు. తారు పట్టుకుంది. పట్టుకున్న చక్రం ఆగిపోతే పైనున్న బండి ఆగుతుందా? ఎడమచక్రం నేల విడిచి గాలిలోకి లేచింది. వెంకటముని ఆ పక్కకు దూకి నొగ మీద పడుకోబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆరోజే ముగిసేది.

లేచి రోడ్డు పక్కన కూర్చుని, తారు మీద చక్రం గీసిన గీతను చూశాడు. ఇన్నాళ్ళూ అందరూ మెచ్చుకున్న తన విద్య మొత్తం మట్టిది. నేల జారనిస్తే తను జారాడు, అంతే. ఇక్కడ మలుపు రాకముందే వేగం చంపుకోవాలి, బండిని నిలువుగా తిప్పుకోవాలి, తిరిగాక మళ్ళీ అందుకోవాలి. పందెమంటే దూకుడనుకునేవాడికి అది చేతులు కట్టేసినట్టుగా ఉంటుంది. ఆ వారమంతా వెంకటముని ఎవరితోనూ ఎక్కువ మాట్లాడలేదు. ఊరివాళ్ళు ఒంట్లో బాగాలేదేమో అనుకున్నారు.

పందెం రోజు పొద్దున్నే మొదలు పెట్టాలని మాట. రోడ్డు కింద వాననీళ్ళు పోయే మోరీ దగ్గర బయలుదేరి, ఐరాల దారి కలిసి రోడ్డు వెడల్పయ్యేచోట నడిమధ్యలో నిలబెట్టిన ఖాళీ తారుపీపాను చుట్టి, మళ్ళీ మోరీ దాటాలి. తారు దిగి మట్టిబాటలో చక్రం పెట్టినవాడు ఓడినట్టే. మునసబు మునిరామయ్య తువ్వాలు పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు. కానీ బెంగుళూరు బస్సు రాలేదు. బస్సు పోయేదాకా రోడ్డు మీద బండి పెట్టడానికి లేదు. అది ఎక్కడో చెడిపోయి కూర్చుంది. ఎండ ఎక్కింది. జనం చింతచెట్ల నీడకు జరిగారు. ఎట్టకేలకు బస్సు దుమ్ము లేపకుండా బుర్రుమంటూ పోయేసరికి, ఎండకు తారు నల్లగా నిగనిగలాడుతోంది. వెంకటముని వంగి వేలితో నొక్కాడు. వేలిముద్ర పడింది.

"పొద్దు వాలినాక పెట్టుకుందామా?" అన్నాడు.

"యాడైనా అన్నావు గదా," అన్నాడు గోవిందస్వామి. "ఎప్పుడైనా అని గూడా అనుకో."

జనం నవ్వారు. వెంకటముని పలక మీదికి ఎక్కాడు. తిరుమలమ్మ రాలేదు. వచ్చేముందు పుల్లోడి మెడ కింద గోకి, ఇతనితో ఒక్క మాటైనా అనకుండా లోపలికి పోయింది.

మునసబు తువ్వాలు దించాడు.

గోవిందస్వామి ఎద్దులు అడుగుల లెక్క నేర్చినవి. పొట్టి అంగలతో, గిట్టలు పైపైన తాకిస్తూ, గంట కొట్టినట్టు ఒకే వరసలో పోతున్నాయి. పుల్లోడూ కర్రోడూ మొదటి అంగలోనే తడబడ్డాయి. చెరువులో తన్నినట్టు బలంగా తన్నాయి, తన్నిన కాలు వెనక్కి జారింది. వెంకటముని పగ్గం వదులు చేసి, "నిదానం నాయనా, నిదానం" అని లోలోపల అనుకుంటూ ఉన్నాడు. ముందు బండి దూరమవుతోంది. మట్టిపందెంలో అయితే దుమ్ము మింగుతూ ఉండేవాడు. ఇక్కడ దుమ్ము లేదు. ఎంత వెనకబడ్డాడో స్పష్టంగా కనపడుతోంది, అదొక నరకం.

పీపా కనపడింది. గోవిందస్వామి బండి వేగం తగ్గి, నిలువుగా తిరిగి, ఎదురొస్తోంది. అంటే ఇంకా తనకు ఎంత మిగిలిందో! వెంకటముని చేతులు వాటంతటవే కర్రోడి వైపు కదిలాయి. అదిలిస్తే ఒక్క ఊపులో తిరుగుతాం, అన్నాయి చేతులు. ఎడమచక్రం తేలికైనట్టు పాదాలకు తెలిసింది. పళ్ళు బిగబట్టి పగ్గాలు వెనక్కి లాగాడు. సిగ్గు చంపుకుని, కొత్త కోడళ్ళను తీసుకెళ్ళే సవారీబండి తిప్పినట్టు తిప్పాడు. జనంలో ఎవరో ఈలవేశారు.

తిరిగాక మాత్రం ఎద్దులకు ఏదో తెలిసింది. ఇంటిముఖం పట్టినందుకో, చప్పుడంటే భయం పోయిందో గానీ, అంగలు కుదిరాయి. తన్నడం మాని తేలడం మొదలెట్టాయి. పుల్లోడు మెడ చాచాడు. గోవిందస్వామి ఎద్దులు ముదురువి, ఎండకు నాలుక బయటపెట్టాయి. దూరం తగ్గింది. చక్రం పక్కకు చక్రం వచ్చింది. గోవిందస్వామి ఒకసారి ఇటు తిరిగి చూశాడు, ఆ చూపులో ఉన్న బెదురు చూసి వెంకటమునికి కడుపు నిండిపోయింది. మోరీ గోడ తెల్లగా కనపడుతోంది. జనం లేచి నిలబడ్డారు. పుల్లోడి ముట్టె ముందుకు పోయింది, తరవాత కొమ్ములు, తరవాత మూపురం.

అప్పుడు కింద ఏదో చిట్లినట్టు చప్పుడైంది.

మెత్తబడిన తారు లాడాన్ని పట్టుకుంది. గిట్ట లేచింది, లాడం లేవలేదు. మేకులతో పాటు గిట్ట అంచు కూడా చీలుకుని ఊడింది. వెంకటముని అది చూడలేదు, తల ఊపు చూశాడు. పుల్లోడు ముందరి ఎడమకాలు వేసినప్పుడల్లా తల పైకి కొడుతున్నాడు. తారు మీద ఎర్రటి మచ్చ, ఒక అంగ తరవాత ఇంకొకటి. అయినా పరుగు తగ్గలేదు. ఇసుమంతయినా తగ్గలేదు. కొట్టనక్కరలేదు, అదిలించనక్కరలేదు. పుల్లోడు ఆ కాలితోనే పోతాడు, పోయి గెలుస్తాడు, గెలిచాక ఆ కాలు ఇక ఉండదు. మట్టిలో అయితే నేల ఆ గాయాన్ని కాస్తయినా కాచేది. ఇది పచ్చి పుండును రాతికేసి కొట్టడమే. కాలు పోయిన ఎద్దును ఎవరు మేపుతారు? సంత వెనక నిలబడే కటికవాళ్ళు అతనికి తెలుసు.

మోరీ అదిగో. రెండెద్దులు, పుల్లోడు, జిల్లా అంతా పేరు. అన్నీ నాలుగు అంగలు వేసేలోపు దొరుకుతాయి. వెంకటముని జీవితంలో అంత ఆశ ఎప్పుడూ పడలేదు.

పగ్గాలు అరచేతులకు చుట్టుకుని వెనక్కి పడ్డాడు.

పుల్లోడు ఆగడే! గెలిచే ఎద్దును ఆపడం ఎవరి తరం? ముకుతాడు కోసుకుంటున్నా మెడ వంచి లాగుతున్నాడు. చేతుల్లో పగ్గం జరుగుతోంది, తోలు లేచిపోతోంది. వెంకటముని కాళ్ళు నొగకు తన్నిపెట్టి, ఒళ్ళంతా వెనక్కి వాల్చి, "ఆగు నాయనా, నీ కాళ్ళు పట్టుకుంటా, ఆగు" అన్నాడు. ఏడుస్తున్నానని అతనికి తెలియదు. పక్కనుంచి గోవిందస్వామి బండి దాటిపోయింది. మోరీకి ఇవతల, పిల్లవాడు రాయి విసిరితే తగిలేంత దూరంలో, పుల్లోడు ఆగాడు. కాలు ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు.

వెంకటముని దిగి ముందు కాడి విప్పాడు. తరవాత భుజం మీది కండువా తీసి రెండు చేతులకూ చుట్టుకుని, చెమట తుడుచుకుంటున్నట్టు పట్టుకున్నాడు. ఎందుకలా చేశాడో అప్పటికి అతనికే తెలియదు.

గోవిందస్వామి నడిచి వచ్చాడు, వెనకే జనం. గెలిచిన ముఖంలా లేదు. వంగి గిట్ట చూశాడు, నాలుక చప్పరించాడు.

"ముందర పోతాంటివి గదబ్బా. ఏమాయ? ఎద్దు ఆగిందా, నువ్వు ఆపినావా?"

వెంకటముని కండువాను ఇంకొంచెం బిగించుకున్నాడు.

"నేను ఎందుకు అడుగుతాండానంటే," అన్నాడు గోవిందస్వామి నిదానంగా, "నువ్వు ఆపినావంటే ఇది బంగారం లాంటి ఎద్దు. కాలు నేను బాగుచేయిస్తా, వచ్చే ఏడు దీంతోనే తోల్తా. పందెం ప్రకారం ఇప్పుడే తోలుకపోతా. అట్లగాక నడమద్దెలో మొరాయించిందంటే నాకొద్దు. మొండిగొడ్డును కొట్టంలో కడితే పక్కది గూడా నేర్చుకుంటాది. నీ ఎద్దు నీకే ఇడిచిపెడతా."

 ఎద్దులు తోలేవాళ్ళలో మొండిగొడ్డు అన్న మాట కంటే పెద్ద తిట్టు లేదు. అది ఎద్దుకు ఎంత తిట్టో తోలినవాడికీ అంతే. పందెంలో ఎద్దు మొరాయించిందంటే తోలడం చేతకాలేదనే. ఇక ఏ చెరువులోనూ, ఏ సంతలోనూ వెంకటముని తల ఎత్తి తిరగలేడు. ఆపినానని ఒక్కమాట అంటే? గెలిచే పందేన్ని ఎద్దు కోసం వదులుకున్న మొనగాడని పదేళ్ళు చెప్పుకుంటారు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అతని నాలుక ఏనాడూ ఒక గొప్పమాటను ఆపుకున్నది కాదు.

"ఆగిపాయ," అన్నాడు వెంకటముని. "మొండిది."

ఎవరో కిసుక్కుమన్నారు. మునసబు మునిరామయ్య మాత్రం కళ్ళు చిన్నవి చేసి చూస్తున్నాడు.

"నేను ఈడ్నుంచి సూస్తాంటి. నువ్వు వెనక్కి పడినట్టు ఉన్నిందే."

"అది మొరాయించి వెనక్కి తోసింది, ఆ ఊపుకు పడినాను."

"పగ్గం లాగలే?"

"లాగలే." కండువా లోపల అరచేతులు మండిపోతున్నాయి. తడి ఊరుతోంది, అది గుడ్డ దాటి బయటికి వస్తుందేమోనని వేళ్ళు ముడుచుకున్నాడు.

"వెంకటమునీ, ఇది ఇద్దరి మద్దె మాట. రేపు తగాదా రాగూడదు," అన్నాడు మునసబు. "కాణిపాకం దిక్కు తిరిగి సెప్పు."

 కాణిపాకం వినాయకుడి ముందు అబద్ధపు ప్రమాణం చేసినవాడు బాగుపడడని ఆ సీమలో చంటిబిడ్డకు కూడా తెలుసు. గట్టు తగాదా అయినా, దొంగతనం అయినా, కోర్టుకు పోయి దర్జాగా అబద్ధమాడి వచ్చినవాడు కూడా ఆ దేవుడి పేరు చెబితే తల వంచుకుని ఒప్పేసుకుంటాడు. వెంకటముని ఎన్ని కోతలు కోసినా ఆ దిక్కు తిరిగి ఒక్కటీ కోయలేదు. గోవిందస్వామి చేతులు కట్టుకుని ఎదురుచూస్తున్నాడు. పుల్లోడు కాలు ఎత్తుకునే ఉన్నాడు, దాని కింద తారు మీద రక్తం ఎండకు ఎండిపోతోంది.

వెంకటముని కాణిపాకం దిక్కు తిరిగాడు. చేతులు జోడించాలి. కండువాతో పాటే జోడించాడు.

"సామి సాచ్చిగా సెప్తాండా. ఎద్దు ఆగింది."

ఆగింది నిజమే కదా, అని లోపల ఏదో సన్నగా అన్నది. దేవుడు అంత అమాయకుడా, అని ఇంకేదో అన్నది. ఏమీ జరగలేదు. గోవిందస్వామి ఒక్క క్షణం చూసి, తలపాగా సర్దుకున్నాడు.

"అయితే నాకొద్దు. తోలుకపో. మొన్న చెరువులో ఎంత మాట్లాడితివబ్బా నువ్వు," అని వెళ్ళిపోయాడు. ఇక జనం నవ్వు ఆపుకోలేదు. మొండెద్దు వెంకటముని అన్న పేరు అక్కడే, ఆ చింతచెట్ల కిందే పుట్టింది.

రేక్లాను అక్కడే వదిలేసి, ఎద్దులను రెండింటినీ రోడ్డు దించి మట్టిబాటలో నడిపించుకుంటూ ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది. కబురు అతనికంటే ముందే చేరింది. తిరుమలమ్మ వాకిట్లో నిలబడి ఉంది. పుల్లోడిని చూసి ఆమె ముఖం విప్పారింది, కాలు చూసి మళ్ళీ మూసుకుపోయింది. మొగుడి వైపు చూడకుండా వేడినీళ్ళు తెచ్చి గిట్ట కడిగి, పసుపూ ఆముదమూ రాసి గుడ్డ కట్టింది. అంతా అయ్యాక నిలబడి అడిగింది.

"పుల్లోడు మొరాయించినాడంట. రోడ్డు పొడవునా అదే మాట. నా ఎద్దు మొరాయించిందా?"

"ఆగిపాయ మే," అన్నాడు వెంకటముని నేల చూస్తూ. "కాళ్ళు కడుక్కోవాల, నీళ్ళు పొయ్యి."

ఆమె చెంబు తెచ్చి వంచింది. అతను అలవాటుగా దోసిలి పట్టబోయి కండువా మరిచిపోయాడు. గుడ్డ జారింది. నీళ్ళు తగలగానే చేతులు వెనక్కి లాక్కున్నాడు. తిరుమలమ్మ చెంబు కింద పెట్టి ఆ రెండు చేతులూ పట్టుకుని వెలుతురుకు తిప్పింది. అరచేతుల మీద తోలు లేదు. పగ్గం పేటలు కండలోకి దిగి అచ్చులు పడి ఉన్నాయి.

ఆమె పుల్లోడి కాలి కట్టు వైపు ఒకసారి చూసింది, మళ్ళీ ఆ అరచేతుల్లోకి చూసింది.

"ఆపినావు," అన్నది చివరికి.

"గెలిచేస్తా ఉన్నింది మే. నాలుగంగలు. అది ఆగనే లేదు. ఎంత లాగినా ఆగనే లేదు." చేతులు ఆమె చేతుల్లోనే వదిలేశాడు. "ఆపినానంటే తోలుకపోతానన్నాడు. అందుకని ఆగిందన్నా. మునసబు కాణిపాకం దిక్కు తిరగమన్నాడు. తిరిగి సెప్పినా. దేవుడి మింద అబద్ధమాడినా. ఏమవుతాదో ఏమో. నాకు బయంగా ఉండాది."

అంత మాటకారి, అంత మీసాల మనిషి, వాకిట్లో చంటిపిల్లవాడిలా చేతులు చాచి నిలబడ్డాడు. తిరుమలమ్మ ఆ చేతులకు మిగిలిన పసుపు రాసింది. గిట్టకు కట్టగా మిగిలిన గుడ్డే రెండుగా చింపి కట్టింది. తరవాత లేచి, కొప్పు ముడేసుకుని, వాకిలి దాటి వీధిలోకి నడిచింది. కాణిపాకం దిక్కు తిరిగి నిలబడింది. ఎదురింటి అరుగు మీద కూర్చున్నవాళ్ళు ఏమిటా అని చూశారు. ఆమె వాళ్ళను లెక్కచెయ్యలేదు. చేతులు జోడించి, నలుగురికీ వినపడేంత గట్టిగా అన్నది.

"సామీ, మా ఎద్దు మొండిదే. అదే ఆగింది. నా మొగుడు సెప్పింది నిజం. ఇందులో ఏమన్నా తప్పుంటే సగం నాది."

చెప్పి, లోపలికి వచ్చి, పుల్లోడికి జావ కాచడానికి పొయ్యి రాజేసింది.